చిన్న సైనికుల బొమ్మలతో చారిత్రక యుద్ధాల ఆట: చిత్తూరులో నలుగురం ఉన్నాం, ముందు ఏ సైన్యం కొనాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. చిత్తూరులో మీరు నలుగురు స్నేహితులు. అందరూ చెస్ ఆడేవాళ్ళే. పాతకాలపు యుద్ధాలను చిన్న సైనికుల బొమ్మలతో బల్ల మీద ఆడే ఆటను వీడియోల్లో చూసి ముచ్చటపడ్డారు. విదేశీ పెట్టెల ధరలు చూసి వెనక్కి తగ్గారు. మీలో ఒకరి దగ్గర త్రీడీ ప్రింటర్ ఉంది. ముందు ఏ సైన్యం కొనాలి, ఏ రూల్స్ పట్టుకోవాలి, క్లబ్బు అవసరమా, ఇంట్లోవాళ్ళు నవ్వితే ఏం చెప్పాలి, తిరుపతికి వచ్చి మాలాంటి వాళ్ళతో ఆడాలంటే బొమ్మలు బస్సులో ఎలా తేవాలి అని అడిగారు.

సూటిగా చెప్పేస్తాను. ఇప్పుడే ఏ సైన్యమూ కొనకండి. ఒక్క యుద్ధం ఎంచుకోండి, అదీ మన చుట్టుపక్కల జరిగిందైతే మరీ మంచిది. పెళ్ళి శుభలేఖల అట్టలు కత్తిరించి, వాటి మీద 'రౌతులు', 'ఫిరంగి', 'తుపాకీ దళం' అని రాసుకుని నాలుగు ఆదివారాలు ఆడండి. ఐదో ఆదివారం కూడా నలుగురూ వచ్చారంటే అప్పుడు జేబులో చెయ్యి పెట్టండి. పెట్టినప్పుడు కూడా రెండు వైపుల సైన్యాలూ ఒక్కరే తయారు చేయాలి. నువ్వొక సైన్యం, నేనొక సైన్యం అని పంచుకోవద్దు.

ఈ రెండో మాట ఎందుకంత గట్టిగా చెబుతున్నానంటే, మేం చేసిన తప్పే అది. నాది రైల్వే ఉద్యోగం. పన్నెండేళ్ళుగా ఈ ఆట ఆడుతున్నాను. ఇప్పుడు తొమ్మిదిమందిమి ఉన్నాం కానీ మొదట ముగ్గురమే. ఉత్సాహం ఆగక నేను నెపోలియన్ కాలపు ఫ్రెంచి కాల్బలం తెప్పించుకున్నాను. ఇంకొకాయన రోమన్లను తెప్పించాడు. మూడో ఆయనకు రెండో ప్రపంచ యుద్ధం ట్యాంకులంటే పిచ్చి. ముగ్గురం మూడిళ్ళలో కూర్చుని ఆరు నెలలు రంగులు వేసుకున్నాం. తీరా ఒకచోట చేరాక ఎవరితో ఎవరు ఆడాలి? బల్లేలు పట్టుకున్న రోమన్లు ఫ్రెంచి తుపాకులకు ఎదురు నిలవాలా? మూడో ఆయన ట్యాంకు దింపి ఇద్దరినీ తొక్కించాలా? ఏడాదిన్నర పాటు ఒక్క ఆటా సాగలేదు. రోమన్ల ఆయన మెల్లగా రావడం మానేశాడు. ఆ రోమన్లు ఇప్పటికీ మా బీరువాలో ఉన్నారు, సగం మందికి మొహాలు కూడా లేవు.

రెండు వైపులా మీ దగ్గరే ఉంటే ఎదుటి మనిషి ఖాళీ చేతులతో వచ్చినా చాలు, కుర్చీ లాగి ఆడించేయవచ్చు. ఈ ఆటలో దొరకనిది బొమ్మ కాదు, ఎదురుగా కూర్చునే మనిషి. వచ్చినవాడికి 'నీ సైన్యం ఏది' అన్నారంటే మళ్ళీ రాడు.

ఇది పరాయి ఆట అని మొహమాటపడే పని కూడా లేదు. గుడి అరుగు మీద గీసిన పులిజూదం ఏమిటి మరి? మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేకను దాటి చంపుతుంది, మేకలు పులిని కట్టేస్తాయి. రెండు వైపులా బలం వేరు, గెలిచే లెక్కా వేరు. చెస్‌లో ఇద్దరికీ ఒకే సైన్యం ఇస్తారు. నిజం యుద్ధాలు అలా ఉండవు కాబట్టి చెస్ అలవాటు కన్నా పులిజూదం అలవాటే మీకు ఇక్కడ ఎక్కువ పనికొస్తుంది. ఆ మాటకొస్తే, ప్రతి ఏటా ఊళ్ళో భారతం పెట్టి, పద్దెనిమిదో రోజు నేల మీద దుర్యోధనుడి మట్టిబొమ్మను పరిచి వధ చేసే జిల్లా మనది. యుద్ధాన్ని నేల మీద పరచడం మనకెవరూ కొత్తగా నేర్పనక్కరలేదు.

ఇప్పుడు యుద్ధం ఎంపిక. మీకు నేను చెప్పేది దామలచెరువు. పాకాల దగ్గర, మామిడికాయల మార్కెట్ ఉంది చూడండి, అదే.

1740 మే 20. రఘూజీ భోంస్లేతో కలిసి మరాఠాలు కర్ణాటకం మీదికి, అంటే ఆర్కాటు నవాబు ఏలే ప్రాంతం మీదికి, దిగివస్తున్నారు. ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ఖాన్ దామలచెరువు కనుమలో వాళ్ళకు అడ్డం నిలబడ్డాడు. కనుమ ఇరుకు, ఎంత పెద్ద రౌతు దళమైనా అందులో బారులు తీరే వస్తుంది. లెక్క ప్రకారం మంచి చోటే. కానీ మరాఠాలు ముందు నుంచి గుద్దుకోలేదు. వేరే దారిన కొండలు దాటి వెనకవైపు వచ్చిపడ్డారు. ఆ దారి కాపలా ఉన్నవాడే వాళ్ళను వదిలిపెట్టాడని ఒక కథనం. నవాబూ, ఆయన కొడుకుల్లో ఒకరూ అక్కడే చనిపోయారు. పెద్ద కొడుకు సఫ్దర్ అలీ సాయానికి బయల్దేరి ఆర్కాటు దాకా వచ్చేసరికి ఈ కబురు అందింది. ఆయన వెల్లూరు కోటలోకి వెళ్ళిపోయాడు. మరుసటి ఏడు మరాఠాలు తిరుచిరాపల్లి కూడా పట్టుకుని, దోస్త్ అలీ అల్లుడు చందా సాహెబును బందీగా తీసుకుపోయారు.

కథ బాగుంది. కానీ దీన్ని ఉన్నదున్నట్టు బల్ల మీద పెడితే ఆట చచ్చిపోతుంది. ఎందుకంటే నవాబు తరఫున ఆడేవాడికి వెనకదారి సంగతి ముందే తెలుసు. మొదటి వంతులోనే ఫిరంగులన్నీ వెనక్కి తిప్పుతాడు. చరిత్ర చదివినవాడితో చరిత్ర ఆడించడంలో ఉన్న చిక్కే ఇది. కొత్తవాళ్ళు బొమ్మల రంగుల గురించి వంద ప్రశ్నలు అడుగుతారు గానీ దీని గురించి ఒక్కరూ అడగరు.

మేం చేసిన ఏర్పాటు చెబుతాను. బల్ల మీద కనుమ ఒకటి, దాని వెనక్కి చేరే పక్కదారులు రెండు. మరాఠా ఆటగాడు ఆట మొదలవకముందే ఏ దారిన ఎన్ని దళాలు వస్తాయో చీటీ మీద రాసి, మడిచి, అంపైర్ చేతికి ఇస్తాడు. నవాబు ఆటగాడు తన దళాలను అందరి ముందే బల్ల మీద సర్దాలి. పక్కదారికి కాపలా పెట్టవచ్చు, కానీ ఆటలో ఒకసారి మరాఠా ఆటగాడు పాచిక వేస్తాడు. 5 గానీ 6 గానీ పడితే ఆ కాపలా దళం పక్కకు తప్పుకుని దారి ఇచ్చేస్తుంది. ఇక గెలుపు లెక్క. నవాబు మరాఠాలను ఓడించనక్కరలేదు, ఎనిమిదో వంతు దాకా బతికుంటే చాలు. ఆరో వంతు నుంచి సఫ్దర్ అలీ కోసం పాచిక: ఆరో వంతులో 6 పడితే వస్తాడు, ఏడో వంతులో 5 పడినా వస్తాడు, ఎనిమిదిలో 4 పడినా చాలు. ఇదే పులిజూదం బుద్ధి. మేక పులిని తినలేదు, కదలకుండా చేయగలదు.

దీన్ని ఏడుసార్లు ఆడాం, నవాబు మూడుసార్లు బతికాడు. అందులో ఒకటి చెప్పి తీరాలి. ఒక ఇంజనీరింగ్ అమ్మాయి, రావడం అదే రెండోసారి, నవాబు తరఫున కూర్చుంది. వెనకదారి కథ విని ఉంది కాబట్టి కనుమ ముఖం దగ్గర ఒకే ఒక్క దళం ఉంచి, తక్కినవన్నీ పక్కదారుల మీదికి తిప్పింది. ఏనుగు కూడా వెనక్కే చూస్తోంది. మరాఠా తరఫున మా గుంపులో అందరికన్నా పెద్దాయన. అంపైర్ చీటీ విప్పి చదివాడు: 'అన్ని దళాలూ ముందు నుంచే.' పెద్దాయన రెండు వంతుల్లో కనుమ దాటేశాడు. అమ్మాయి ఐదు సెకన్లు బల్లనే చూసి, 'సార్, మీరు చరిత్ర తప్పు చదివారు' అంది. ఆమె ఇప్పుడు మాకు అంపైర్.

బల్ల తయారు చేయకముందు వెళ్ళి ఆ చోటు చూసి రండి. మేం మే నెలలోనే మూడు బైకుల మీద వెళ్ళాం. నవాబు సైన్యం సంగతేమో గానీ, మామిడి లారీలు మాత్రం కిలోమీటరు పొడుగునా మాకు అడ్డం నిలబడ్డాయి. కానీ వెళ్ళడం వల్ల ఒకటి తెలిసింది. కొండల మధ్య నేల మీద నిలబడితే మలుపు అవతల ఏముందో బొత్తిగా కనిపించదు. ఫోన్‌లో పైనుంచి తీసిన పటం చూస్తే అంతా తేటతెల్లంగా ఉంటుంది. బల్ల పైనుంచి చూసే ఆటగాడిదీ అదే దృష్టి. అందుకే కొండ చాటున ఉన్న దళాన్ని శత్రువు 12 అంగుళాల లోపుకు వచ్చేదాకా బల్ల మీద పెట్టం. దాని బదులు బోర్లించిన అట్టముక్క కదులుతుంది. కొన్ని అట్టముక్కల కింద అసలేమీ ఉండదు.

రూల్స్. పెద్ద పుస్తకాలు కొనకండి, మొదట ఒక పేజీ చాలు. మాది ఇలా ఉంటుంది. ఒక్కో వైపు పది, పన్నెండు దళాలు. కాల్బలం వంతుకు 6 అంగుళాలు, రౌతులు 10, ఫిరంగి 3 కదులుతాయి. తుపాకీ 12 అంగుళాల దాకా కొడుతుంది. ఒక్కో దళానికి నాలుగు పాచికలు: దూరంగా ఉంటే 6 పడితేనే దెబ్బ, 6 అంగుళాల లోపైతే 5 పడినా దెబ్బే. నాలుగు దెబ్బలు తింటే దళం పోయినట్టు. రెండో దెబ్బ తగలగానే ధైర్యానికి ఒక పాచిక: 1, 2 పడితే వెన్ను చూపి ఒక కదలిక వెనక్కి. మీదపడి కొట్టుకునేటప్పుడు ఇద్దరూ చెరొక పాచిక వేస్తారు. ఎత్తున ఉన్నవాడికి ఒకటి, పక్క నుంచి పడినవాడికి రెండు కలుపుతారు. తక్కువ వచ్చినవాడు ఒక దెబ్బ తిని వెనక్కి తగ్గుతాడు.

ఇక అసలైన రూల్. మీ వంతు రాగానే ముందు ఒక పాచిక వేయాలి. ఎంత పడితే అన్ని దళాలకే కదిలే హక్కు. పక్కపక్కనే అంటుకుని ఒకే దిక్కు చూస్తున్న దళాలు కలిసి కదిలితే ఒకటే లెక్క. పన్నెండు దళాలు పెట్టుకుని కూర్చున్నప్పుడు పాచిక 1 పడితే ఉండే టెన్షన్ మీరే చూస్తారు. చెస్ ఆడేవాళ్ళకు ఇది మొదట్లో మింగుడుపడదు. చెస్‌లో గుర్రం చెప్పిన గడికి వెళ్తుంది. ఇక్కడ గుర్రాలవాడికి కబురే అందదు, అందినా కాసేపు ఆలోచిస్తాడు. వరస చెదరగొట్టుకున్నవాడికి చేతిలో పాచిక చాలదు. సైన్యాన్ని కలిపి ఉంచడం ఎందుకో ఎవరూ ఉపన్యాసం ఇవ్వకుండానే రెండు ఆటల్లో తెలిసిపోతుంది.

ఈ పాచిక ఆలోచన మాది కాదు. 1990లో ఇంగ్లండులో వచ్చిన డీబీఏ అనే రూల్స్ వల్ల బాగా పేరొచ్చింది. అందులో ఒక్కో సైన్యానికి పన్నెండే ముక్కలు, రెండడుగుల చదరపు బల్ల, గంటలోపు ఆట. నాలుగు ముక్కలు పోయి, ఎదుటివాళ్ళకన్నా ఎక్కువ పోగొట్టుకున్నవాడు ఓడినట్టు. అది ప్రాచీన, మధ్యయుగాల సైన్యాలకు రాసింది కాబట్టి 1740కి అతకదు. కానీ మీకు చోళులు, చాళుక్యులు, కాకతీయుల మీద మనసుంటే నేరుగా దానితోనే మొదలుపెట్టవచ్చు. చిన్న గది, తక్కువ బొమ్మలు, తక్కువ సమయం ఉన్న మనలాంటి వాళ్ళకు అంతకన్నా తేలిక దారి నాకు కనిపించలేదు.

బొమ్మల సైజు. 28 మి.మీ. అంటే సుమారుగా బొమ్మ పాదం నుంచి కంటి దాకా ఎత్తు. వీడియోల్లో అందంగా కనిపించేవి అవే. మీకు వద్దు. ఖర్చూ ఎక్కువ, బల్లా పెద్దది కావాలి, రంగులు వేయడానికి నెలలు పడుతుంది. 15 మి.మీ.కి వెళ్ళండి. బొమ్మలు అతికించే 40 మి.మీ. వెడల్పు పలక మీద ముగ్గురు నలుగురు కాల్బలం, లేదా ఇద్దరు ముగ్గురు రౌతులు పడతారు. పన్నెండు పలకలంటే మొత్తం నలభై బొమ్మలకు అటూ ఇటూ. 1/72 సైజు ప్లాస్టిక్ సైనికులు ఆన్‌లైన్‌లో దొరుకుతారు గానీ మన యుద్ధాలకు సరిపోయేవాళ్ళు తక్కువ. మెత్తటి ప్లాస్టిక్ కాబట్టి ముందు సబ్బునీళ్ళతో కడగకపోతే రంగు పొరలు పొరలుగా లేస్తుంది.

మీ స్నేహితుడి ప్రింటర్ ఏ రకమో చెప్పలేదు. తీగ కరిగించి పోసే రకమైతే కొండలు, కోటగోడలు, ఇళ్ళు చేసుకోండి. చిన్న బొమ్మల మొహాల మీద గీతలు పడతాయి. బొమ్మలకు రెజిన్ రకం, అంటే ద్రవాన్ని వెలుతురుతో గట్టిపరిచేది, కావాలి. రెజిన్‌తో మాత్రం జాగ్రత్త: చేతులకు గ్లౌజులు, కిటికీలు బార్లా తెరిచిన గది ఉండాలి, కడిగిన ద్రావకాన్ని సింకులో పారబోయకూడదు. పడకగదిలో పెట్టుకోవద్దని ప్రత్యేకంగా చెబుతున్నాను, ఎందుకంటే మావాడొకడు పెట్టుకున్నాడు, తలనొప్పితో వారం తిరిగాడు. ఇంకో సంగతి, రెజిన్ బల్లేలు పుల్లల్లా విరిగిపోతాయి. బల్లేన్ని కోసేసి నైలాన్ చీపురు పుల్ల అతికించండి. వంగుతుంది గానీ విరగదు.

రంగుల గురించి ఎక్కువ చెప్పను. స్టేషనరీ షాపులో దొరికే అక్రిలిక్ రంగులే, నీళ్ళు కలిపి పల్చగా రెండు పూతలు. సున్నా నంబరు బ్రష్. చివర్లో గోధుమరంగు నీళ్ళలా కలిపి మొత్తం మీద పూస్తే ముడతల్లోకి దిగి నీడలు అవే ఏర్పడతాయి. ఆట ఆడేటప్పుడు మూడడుగుల దూరం నుంచి చూస్తాం, కంటిపాప ఎవరికీ కనిపించదు.

నేను పాడుచేసుకున్నవి రెండు చెబుతాను, మీరు చేయకండి. మొదటిది: థర్మోకోల్‌తో కొండ చెక్కి, దాని మీద నేరుగా స్ప్రే పెయింట్ కొట్టాను. కళ్ళముందే సెగ తగిలిన వెన్నలా కరిగి గుంటలు పడింది. స్ప్రేలో ఉండే ద్రావకం థర్మోకోల్‌ను తినేస్తుంది. ముందు ఫెవికాల్‌లో నీళ్ళు కలిపి రెండు పూతలు వేసి ఆరనివ్వాలి, ఆ పైన కూడా బ్రష్షే మేలు. రెండోది: నవంబరులో ముసురు పట్టిన రోజు, పని ముగిసిందన్న సంబరంలో డాబా మీద బొమ్మలకు వార్నిష్ స్ప్రే కొట్టాను. పొద్దునకల్లా నా సైన్యం మొత్తానికి బూజు పట్టినట్టు తెల్లటి పొర. గాలిలో తేమ ఎక్కువుంటే అంతే. వానలు తగ్గి ఎండ కాసే రోజే ఆ పని పెట్టుకోండి, లేదా బ్రష్‌తో పూసే వార్నిష్ తెచ్చుకోండి.

నేల విషయంలో ఒక మాట. వీడియోల్లో కనిపించే పచ్చటి గుడ్డ ఇంగ్లండు పచ్చిక. మే నెల దామలచెరువు అలా ఉండదు. పాత నూలు దుప్పటి తీసుకుని జాజు కలిపిన నీళ్ళలో ముంచి, పిండకుండా ఆరేయండి. మచ్చలు మచ్చలుగా ఆరుతుంది, అదే కావాలి. చిత్తూరులో ఉన్నారు కాబట్టి గ్రానైట్ క్రషర్ పొడికి కరువు లేదు, బొమ్మల పలకల మీద ఫెవికాల్ పూసి ఆ పొడి చల్లితే నేల అయిపోతుంది. చెట్లకు కొబ్బరిపీచు, పొదలకు పచ్చరంగు అద్దిన రంపపు పొట్టు. ఎర్రమట్టి వాడేటట్టయితే జల్లించి, బాణలిలో వేయించి తేమ పోగొట్టుకోండి. బాణలి మాత్రం పాతది వాడండి, ఈ విషయంలో మా ఇంట్లో జరిగిన చర్చ ఇక్కడ రాయను.

క్లబ్బు కావాలా? నలుగురుంటే మీరే క్లబ్బు. బోర్డు, రిజిస్ట్రేషన్, టీషర్టులు ఏవీ అక్కరలేదు. కావలసింది మారని రోజు ఒకటి. మాది నెలలో రెండో ఆదివారం, బైరాగిపట్టెడలో మా స్నేహితుడి మేడమీది గది. ఇద్దరే వచ్చినా ఆట ఆగదు. 'ఈసారి అందరికీ వీలు చూసుకుని పెడదాం' అన్నామంటే మూడు నెలలు గడిచిపోతాయి, నా షిఫ్టులతో మరీను.

ఏడాదికొకసారి పొద్దున నుంచి సాయంత్రం దాకా పెద్ద ఆట పెట్టుకుంటాం. దానికి చోటు ఎక్కడంటే, మూఢంలో కల్యాణమండపం భోజనాల హాలు. పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి ఖాళీగా ఉంటుంది, అడిగితే తక్కువకే ఇస్తారు. భోజనాల బల్లలు సన్నగా ఉంటాయి, రెండు మూడు జతచేస్తే నాలుగైదు అడుగుల వెడల్పు వస్తుంది. అంతకు మించి వద్దు. మధ్యలో ఉన్న దళాన్ని అందుకోవడానికి ముందుకు వంగితే మన పొట్టే రెండు దళాలను పడగొడుతుంది. పంచాంగం చూసుకుని యుద్ధం పెట్టుకునేవాళ్ళం మేమే అయ్యుంటాం.

మొదట్లో వేరే చోట గది అద్దెకు తీసుకున్నప్పుడు ఒక తమాషా జరిగింది. పాచికల చప్పుడు, 'పోయింది, పోయింది' అన్న కేకలు విని ఓనరు జూదం అనుకున్నాడు. తలుపు తోసుకుని వచ్చి, బల్ల మీద డబ్బు కోసం వెతికాడు. డబ్బు లేదు, చిన్న ఏనుగు ఉంది. దాన్ని ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు. ఆ నెలే గది ఖాళీ చేయమన్నాడు. ఏనుగు నచ్చింది గానీ మేం నచ్చలేదు. మీరు మాత్రం ఎక్కడ ఆడినా ముందుగా ఓనరును పిలిచి ఒక ఆట చూపించేయండి.

గొడవలు రెండు రకాలు వస్తాయి. ఒకటి కొలతల గొడవ: 'పన్నెండు అంగుళాలుంది', 'లేదు, పన్నెండున్నర'. దీనికి మా పద్ధతి, రెండు నిమిషాలు దాటితే పాచిక వేసి తేల్చేయడం, రూల్ ఏమిటో టీ తాగేటప్పుడు చూసుకోవడం. రెండోది దానికన్నా ముదురుతుంది. హైదర్, టిప్పు, మరాఠాలు, విజయనగరం అనగానే ఎవరో ఒకరు ఈనాటి రాజకీయాలు బల్ల మీదికి తెస్తారు. మేం మొదటి రోజే చెప్పేస్తాం, బల్ల మీద ఈ కాలం లేదు. కాస్త చదివినవాళ్ళకు చెప్పేదేమిటంటే, ఆనాటి సైన్యాలను మతంతో విడదీయడం కుదరదు. విజయనగరంలో రెండో దేవరాయలు ముస్లిం విలుకాళ్ళను, రౌతులను కొలువులో పెట్టుకున్నాడు. ఈస్టిండియా కంపెనీ వాళ్ళ మద్రాసు సైన్యంలో పోరాడిన సిపాయిల్లో మన తెలుగువాళ్ళు చాలామంది. ఉత్తరాదిలో కంపెనీ సిపాయిని 'తిలంగా' అని పిలిచేవారంటే ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. నెలకొకసారి వైపులు మార్చి కూర్చోబెట్టడం కూడా బాగా పనిచేస్తుంది. హైదర్‌ను తిట్టినవాడే వచ్చే నెల హైదర్‌గా కూర్చుంటే గెలవడానికి తంటాలు పడతాడు.

దామలచెరువు మూడు నాలుగుసార్లు ఆడాక పొల్లిలూరుకు వెళ్ళండి. 1780 సెప్టెంబరు 10, కాంచీపురం దగ్గర. గుంటూరు వైపు నుంచి కంపెనీ దళంతో దిగివస్తున్న కల్నల్ బెయిలీ వరదలో ఉన్న కొసస్తలై ఏరు దాటలేక కొన్నాళ్ళు ఆగిపోయాడు. ఆ ఆలస్యమే ప్రాణం మీదికి తెచ్చింది. హైదర్, టిప్పు చుట్టుముట్టారు, మైసూరు రాకెట్లు పడ్డాయి, మందుగుండు బండ్లు పేలిపోయాయి, దళం మొత్తం చావో బందీయో అయింది. కొన్ని మైళ్ళ దూరంలో కాంచీపురంలో కంపెనీ సేనాని మన్రో పెద్ద సైన్యంతో ఉండి కూడా వేళకు అందుకోలేదు. మేం దీన్ని ఆడేటప్పుడు మన్రోను పక్కగదిలో కూర్చోబెడతాం. బల్ల కనిపించదు. బెయిలీ రాసిన చీటీ రెండు వంతుల తర్వాతే ఆయన చేతికి అందుతుంది. ఒకసారి మన్రోగా కూర్చున్నాయన ఫోన్ చూసుకుంటూ రెండు చీటీలు విప్పనే లేదు. చరిత్రకు అంత దగ్గరగా మేమెప్పుడూ ఆడలేదు.

ఆ యుద్ధం బొమ్మ శ్రీరంగపట్నంలో టిప్పు మహలు దరియా దౌలత్ గోడ మీద ఇప్పటికీ ఉంది, బెయిలీ పల్లకీలో కనిపిస్తాడు. రంగుల కోసం చూడదగ్గదే. కానీ అది గెలిచినవాళ్ళు వేయించుకున్న బొమ్మ అని మరచిపోవద్దు. ఇంకోటి, పులిచారల దుస్తులు టిప్పు రాజ్యానికి గుర్తు. 1780 నాటికి ఏలుతున్నది హైదర్. మేం తెలియక సైన్యం మొత్తానికి చారలు గీశాం. మాలో బొత్తాల దాకా చదివే ఒకాయన ఆ సాయంత్రమంతా మాకు ప్రశాంతత లేకుండా చేశాడు. చెరపలేదు, 'ఇది 1790 సైన్యం' అని చెప్పుకుని వాడుకుంటున్నాం. అన్నట్టు హైదర్ చనిపోయింది మీ చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేట విడిదిలోనే, 1782 డిసెంబరు 7న. మీ ఊరి నుంచి మొదలుపెట్టడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇంట్లోవాళ్ళ నవ్వు సంగతి. నవ్వనివ్వండి. మా అమ్మ మొదటి ఏడాది 'ఈ వయసులో బొమ్మలాటేంటిరా' అంది. రెండో ఏడాది దసరా బొమ్మల కొలువులో కింది మెట్టు ఖాళీగా ఉందని నా రౌతులను అడిగింది. ఇచ్చాను. పేరంటానికి వచ్చినవాళ్ళు వాటినే ఎక్కువసేపు చూశారట. పసుపు కుంకుమలు మాత్రం వాటి మీద చల్లనివ్వకండి, మూడు గుర్రాలకు ఇంకా వదల్లేదు.

చివరగా బస్సు. పలకల కింద చిన్న ఇనుప రేకు అతికించి, స్వీటు డబ్బా అడుగున మ్యాగ్నెట్ షీట్ పరిస్తే బొమ్మలు కదలవు. మైసూర్‌పాకు డబ్బా కన్నా కాజూ కట్లీ డబ్బా నయం, లోతు తక్కువ. సంచిలో నిటారుగా మాత్రం పెట్టకండి. పైన లగేజీ ర్యాకులో పెట్టకండి, ఒళ్ళో పెట్టుకుని కూర్చోండి. చిత్తూరు నుంచి తిరుపతి దాకా ఉన్న స్పీడ్‌బ్రేకర్లు ఎన్నో నాకు ఏనుగు తొండం విరిగిన రోజు తెలిశాయి. పక్కసీటువాళ్ళు స్వీట్లనుకుని అడుగుతారు, మూత తీసి చూపించండి. మా గుంపులో ఇద్దరు అలా వచ్చినవాళ్ళే. జేబులో ఒక ఫెవిక్విక్ కూడా వేసుకు రండి, ఎంత జాగ్రత్త పడినా ఒక గుర్రం కాలైనా ఊడుతుంది.